నాది కాని నా మోటార్ సైకిలు

నేను జీవితంలో మోటార్ సైకిలు నడపలేదు. ఎక్కడం మాత్రం ఒకసారి ఎక్కాను, మా తోడల్లుడి వెనక. ఢిల్లీలో కరోల్ బాగ్ నుంచి రామకృష్ణాపురం దాకా చేతులు వదిలేసి దర్జాగా కూర్చున్నానని మా ఆఫీసులో చాలాకాలం చెప్పుకున్నాను. చేతులు వదల్లేదు. ఇల్లు చేరేసరికి తోడల్లుడి చొక్కా గుండీలు రెండు నా గుప్పిట్లో ఉన్నాయి.

అలాంటివాణ్ణి పట్టుకుని, నేను రిటైరైన రెండు వేల ఎనిమిదిలో, ఒక బ్యాంకు ఆఫీసరు నాకో ఎర్ర మోటార్ సైకిలు ఉందన్నాడు. దానికోసం తీసుకున్న అప్పు ఏడాదిగా ఎగ్గొడుతున్నానని కూడా అన్నాడు.

మేం బ్యాంకుకి వెళ్ళింది ఇంటి లోను కోసం. మార్చి ఆఖరుకి నా ఉద్యోగం అయిపోయింది. సర్కారు క్వార్టరు ఖాళీ చెయ్యడానికి నాలుగు నెలలు గడువు, అంటే జులై ఆఖరు. మా ఆవిడ ఆ క్వార్టర్లలో ముప్ఫై ఏళ్ళు కాపరం చేసింది. గోడకి మేకు కొట్టాలన్నా దరఖాస్తు పెట్టుకోవాల్సిన ఇళ్ళవి. సొంత గోడ, సొంత మేకు అన్నది ఆవిడ కోరిక. ద్వారకలో ఒక సొసైటీలో రెండో అంతస్తు ఫ్లాటు చూసుకుంది. వంటింటికి తూర్పు కిటికీ. మొదటిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడే చీర చెంగుతో ఆ కిటికీ కొలత తీసుకుని, వారం తిరక్కుండా తెర కుట్టేసింది. నా రిటైర్మెంటు సొమ్ము చాలావరకు సరిపోయింది, మిగిలిన కాస్తకి లోను. ఇంటాయన మంచివాడు, జులై ఆఖరు దాకా ఆగుతానన్నాడు.

బ్యాంకు ఆఫీసరు కంప్యూటరు నావైపు తిప్పాడు. దేశంలో అప్పు తీసుకున్న ప్రతివాడి జాతకమూ ఒకచోట రాసిపెట్టే సంస్థ ఒకటుందట. వాళ్ళు మంచివాడంటేనే బ్యాంకులు కొత్త అప్పిస్తాయట. నా జాతకంలో నా పేరుంది, నా పాన్ నంబరుంది, నా పుట్టినరోజుంది, ఎప్పుడో తీర్చేసిన ఫ్రిజ్ అప్పుంది. ఆ కింద నేనెప్పుడూ కాలు పెట్టని ఇందిరాపురం చిరునామా, నాది కాని మొబైల్ నంబరు, ఆ బండి అప్పు.

"ఇది సరిచేయించుకు రండి సర్. మీవాళ్ళతోనే మాట్లాడాలి," అన్నాడు ఆఫీసరు.

మీవాళ్ళట! ఆ సంస్థవాళ్ళు నా వాళ్ళెప్పుడయ్యారో నాకు తెలీదు. చిరునామా, నంబరు కాగితం మీద ఎక్కించుకుని వచ్చాను. వారం క్రితమే పేపర్లో పడింది, ఆ సంస్థ దగ్గరున్న జాతకాలు కట్టలకి కట్టలు బయటికి పొక్కాయని, సీడీల్లో పెట్టి రెండేళ్ళుగా ఎవడో అమ్ముతున్నాడని. సంస్థవారు మాత్రం తమ వ్యవస్థ అన్నివిధాలా భద్రమని, అనుమానం ఉన్నవాళ్ళు సేవాకేంద్రానికి ఫోన్ చెయ్యొచ్చని ప్రకటించారు. దొంగలు పడ్డ ఇంటాయన తాళం మాత్రం గట్టిదేనని చెప్పుకున్నట్టుంది.

ఆ సేవాకేంద్రానికి నేను నలభైసార్లు ఫోన్ చేశాను. సరే, పదకొండుసార్లు. కానీ ఒక్కోసారీ నాలుగుసార్లంత పొడుగు. ముందు ఒక యంత్రం మాట్లాడుతుంది. ఒకటి నొక్కమంటుంది, తర్వాత మూడు నొక్కమంటుంది, తర్వాత మీ కాల్ మాకెంతో ముఖ్యమంటుంది. ఆ ముఖ్యమైన కాల్ ఎత్తడానికి మనిషి వచ్చేసరికి మా ఆవిడ కందిపప్పు కుక్కర్లో పెట్టి, దించి, పోపు కూడా వేసేస్తుంది. ఈలోగా ఒక వేణువు వినిపిస్తారు. ఆ వేణువు ఊదినవాణ్ణి ఎప్పటికైనా కలవాలని ఉంది. ఒక్కమాట అడగాలి.

చివరికి ఒక అమ్మాయి వస్తుంది. ప్రతిసారీ వేరే అమ్మాయే, మాట మాత్రం ఒకటే. "మీ బాధ నాకు అర్థమవుతోంది సర్." నా బాధేమిటో ఇంకా నేను చెప్పలేదు, అప్పుడే అర్థమైపోయింది!

"ముందు మీరే మీరని నిర్ధారించాలి సర్. రికార్డులో ఉన్న మీ మొబైల్ ఆఖరి నాలుగంకెలు చెప్పండి."

చెప్పాను.

"సారీ సర్, సరిపోలేదు. మీ చిరునామా?"

రామకృష్ణాపురం అన్నాను. సెక్టారు, బ్లాకు, మెట్ల పక్కనున్న గుల్‌మొహర్ చెట్టుతో సహా చెప్పాను.

"సారీ సర్. వెరిఫికేషన్ ఫెయిల్డ్. మీ వివరాల భద్రత దృష్ట్యా మీతో మాట్లాడలేను."

"అమ్మా, నా వివరాలు బజార్లో అమ్ముడవుతున్నాయి. వాటి భద్రత నా ఒక్కడి దగ్గరే గుర్తొచ్చిందా నీకు?"

"మీ బాధ నాకు అర్థమవుతోంది సర్. ఇంకేమైనా సహాయం చెయ్యగలనా?"

ఇంకేమైనా అంటే, అప్పటిదాకా ఏదో చేసినట్టు!

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. ముప్ఫై నాలుగేళ్ళు నేను చేసిన ఉద్యోగం కూడా ఇదే. జనం రాసిన ఉత్తరాలకి జవాబులా కనిపించే ఉత్తరాలు రాయడం. 'విషయము పరిశీలనలో ఉన్నది' అన్న వాక్యాన్ని పద్ధెనిమిది రకాలుగా రాయగలను. అందుకే వీళ్ళ పనితనం చూస్తే నాకు ఒళ్ళు మండింది. మేం జవాబివ్వకపోవచ్చు గాని ఫైలు ఏ బీరువాలో ఉందో మాకు తెలుసు. ఎదుటివాడు రెండోసారి వస్తే మొహమైనా గుర్తుపట్టేవాళ్ళం, కసిరేముందు కూర్చోమనేవాళ్ళం. వీళ్ళకి ఫైలూ లేదు, మొహమూ లేదు, కుర్చీ అంతకన్నా లేదు.

గుర్గావ్‌లో వాళ్ళ ఆఫీసుకి కూడా వెళ్ళాను. అద్దాల మేడ. రిసెప్షన్ బల్ల మీద ఒక్క గుద్దు గుద్దేసరికి పై అంతస్తులోంచి మేనేజరు పరుగెత్తుకొచ్చాడని మా బ్లాకులో అందరికీ చెప్పాను. గుద్దిన మాట నిజం. రాలింది నా కళ్ళజోడు. పరుగెత్తుకొచ్చింది సెక్యూరిటీ గార్డు, దాన్ని తీసిచ్చి తలుపు చూపించడానికి. సేవ ఫోన్‌లోనేనట, మనుషులు వస్తే చెయ్యరట.

దారి చూపించింది మా ఆవిడే. ఆ సాయంత్రం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "వాళ్ళ పుస్తకంలో మీరు మీరు కాదు కదండీ. ఆ దొంగే మీరు. దొంగలాగా మాట్లాడండి, తలుపు తీస్తారు," అంది.

మర్నాడు ఫోన్ చేశాను. ఇందిరాపురం చిరునామా గడగడా చెప్పాను, దొంగ నంబరు ఆఖరి నాలుగంకెలు కూడా.

"థాంక్యూ సర్! వెరిఫికేషన్ సక్సెస్‌ఫుల్!" ఆ అమ్మాయి గొంతులోకి వెలుగొచ్చింది. "చెప్పండి సర్, మీకెలా సహాయపడగలను?"

నేను కానప్పుడే నన్ను నమ్మారు. అంతటితో ఆగిందా? ఒక సలహా కూడా ఇచ్చింది: "మీ బండి వాయిదాలు కట్టేస్తే మీ రికార్డు బాగవుతుంది సర్." చెల్లెమ్మలా చెప్పింది. దొంగతో ఎంత ఆప్యాయతో!

ఆ అప్పు కోసం పెట్టిన కాగితాల కాపీలు కావాలన్నాను. పంపిస్తామంది. మూడు వారాలైనా రాలేదు. మళ్ళీ దొంగనై అడిగితే, "ఎప్పుడో పంపించాం సర్, రికార్డులో ఉన్న మీ చిరునామాకి," అంది.

ఇందిరాపురానికి!

జూన్ నడి ఎండలో ఇద్దరం బస్సెక్కి ఆనంద్ విహార్లో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళాం. కొత్తగా లేచిన పెద్ద అపార్ట్‌మెంట్లు, సగానికి పైగా కిటికీలు చీకటిగా ఉన్నాయి. గేటు దగ్గర వాచ్‌మన్‌కి నా పేరు చెప్పి పెన్షన్ కార్డు చూపించాను.

"అరే అంకుల్ జీ, ఆప్ కహాఁ థే?" అని, ఇన్నాళ్ళూ ఎక్కడికెళ్ళారన్నట్టు పలకరిస్తూ వాడు తన గదిలోంచి ఉత్తరాల కట్ట తెచ్చి నా చేతిలో పెట్టాడు. అన్నీ నా పేరు మీదే. రెండు నెలలుగా నా పేరు చూసి నన్ను నేనని నమ్మింది ఆ వాచ్‌మన్ ఒక్కడే. ఆ ఫ్లాటులో సన్నటి కుర్రాడొకడు అద్దెకుండేవాడని, చలికాలంలో ఎర్ర బండి వేసుకుని వెళ్ళిపోయాడని, అప్పట్నుంచీ ఖాళీయేనని చెప్పాడు.

గేటు పక్క సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. కవరు మా ఆవిడే చింపింది. అప్పు ఫారం. దాని వెనక పాన్ కార్డు జిరాక్స్, నా పేరూ నా నంబరూ, ఎవడిదో ఫోటో. ఆ జిరాక్స్ కింద కుడివైపు మూల 'అటెస్టెడ్' అన్న ముద్ర, దాని మీద ఆకుపచ్చ సంతకం, సంతకం కింద గెజిటెడ్ ఆఫీసరు పేరూ హోదా.

అప్పు తీసుకున్నవాడి పేరూ, వాడు వాడేనని ధ్రువపరిచిన ఆఫీసరు పేరూ ఒక్కటే. సంతకం ఫోర్జరీ కాదు. నాదే.

ఆవిడ ఆ సంతకం మీద వేలు పెట్టింది. "మీ కట్టలోదేనా?" అంది.

అవునన్నట్టు తలూపాను.

ఆ కట్ట సంగతి ఇప్పటిదాకా మీకు చెప్పలేదు. చెబితే మొదట్లోనే మీరు ఆ సంస్థ పక్షం చేరిపోతారని భయం.

గెజిటెడ్ ఆఫీసరు అటెస్ట్ చెయ్యని జిరాక్స్‌కి ఆ రోజుల్లో విలువ లేదు. ఓల్డ్ రాజిందర్ నగర్లో సివిల్స్ కోచింగు తీసుకునే తెలుగు పిల్లలందరికీ నేనే దిక్కు. ఆదివారం వస్తే పొద్దున్నే మెట్ల నిండా చెప్పులు. ఒరిజినల్ చూడాలి, జిరాక్స్ చూడాలి, రెండూ పోల్చాలి, ముద్ర కొట్టాలి, సంతకం పెట్టాలి. మొదట్లో శ్రద్ధగానే చేశాను. తర్వాత ఒరిజినల్ చూడ్డం మానేశాను. తర్వాత జిరాక్స్ చూడ్డం కూడా మానేసి ఉప్మా తింటూ ఎడంచేత్తో ముద్ర కొట్టేవాణ్ణి. చివరికి నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. ఖాళీ తెల్లకాగితాల కట్ట తెచ్చి, ప్రతి కాగితం కింద కుడివైపు ముందే ముద్ర కొట్టి, సంతకం పెట్టి, మార్కెట్లో జిరాక్స్ షాపతనికి ఇచ్చేశాను. అతను వాటిని మెషీన్లో పెడితే జిరాక్సులు అటెస్ట్ అయ్యే బయటికొచ్చేవి. పిల్లలకి తిరుగుడు తప్పింది, నాకు ఆదివారం నిద్ర దక్కింది. పరిపాలనలో సంస్కరణ అంటే ఇదని ఆవిడ దగ్గర గొప్పలు పోయాను కూడా. ఆవిడ అప్పుడే అంది, "ఏమండీ, ఇది తప్పు కాదూ?" అని. "నీకు ఆఫీసు వ్యవహారాలు తెలీవులే," అన్నాను.

అటెస్టేషను నిమిషంలో కావాలంటే ఫలానా షాపుకి వెళ్ళాలని ఢిల్లీ అంతా తెలిసిపోయిందట. ఢిల్లీ అంతా కాదు, మూడు కాలనీలు. దొంగకి నా వివరాలు ఆ సంస్థ ఇచ్చింది. వాటికి ముద్ర నేనిచ్చాను.

బెంచీ మీద ఆవిడ నన్ను తిడుతుందని చూశాను. తిట్టలేదు. కాగితాలు మడిచి కవర్లో పెట్టి, లేచి, వాచ్‌మన్ దగ్గరికి వెళ్ళింది.

"భయ్యా, వో ఫ్లాట్ ఖాలీ హై నా? ఏక్ బార్ దిఖా దోగే?" అంది. ఖాళీగా ఉన్న ఆ ఫ్లాటు ఒకసారి చూపించమని.

ద్వారక పోయిందని ఆవిడకి అక్కడే తెలిసింది. నాకు ఇంకా ఆరు వారాలు పట్టింది.

ఇంటికి రాగానే ఆ సంస్థకి ఉన్నదున్నట్టు ఉత్తరం రాసేశానని ఇన్నాళ్ళూ అందరికీ చెప్తున్నాను. రాసింది పదకొండు రోజుల తర్వాత. మొదట రాసిన ఉత్తరంలో నా సంతకాన్ని ఎవరో ఫోర్జరీ చేశారని ఉంది. చాలా బాగా వచ్చింది ఆ ఉత్తరం, నా సర్వీసులోకెల్లా మంచి డ్రాఫ్టు. ఆవిడకి చదివి వినిపించాను.

"ఫోర్జరీ అంటే పోలీసులొస్తారా?"

"వస్తారు. రావాలి."

"వచ్చి ఎవరి షాపులో దూరతారు?"

నేను డ్రాఫ్టు మడిచాను.

"ఆ జిరాక్సు ఆయన మీ మాట విని మెషీన్లో కాగితాలు పెట్టాడు. మీ సంతకం మీది కాదని మీరు రాస్తే, ఆయన జైలుకెళ్తాడు. ఆయన పిల్లలు ఎవరి పేరు చెప్పుకుని బతకాలండీ గెజిటెడ్ గారూ?"

"నిజం రాస్తే పెన్షన్ మీదికి రావచ్చే."

"ఇంటి మీదికి వచ్చింది కదా. పెన్షన్ ఒక్కటీ ఎందుకు దూరంగా ఉండాలి?" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పదకొండు రోజులూ భోజనానికి రమ్మని కూడా గిన్నె చప్పుడుతోనే పిలిచింది.

ముందు షాపుకి వెళ్ళాను. నేను రిటైరై మూడు నెలలు దాటినా నా సంతకం ఇంకా సర్వీసులోనే ఉంది. సొరుగులో సగం కట్ట అలాగే ఉంది. అతని ఎదుటే చింపాను. పాపం, అతను అడ్డుపడ్డాడు: "సాబ్, వెనకవైపు బాగానే ఉంది కదా, పడెయ్యడమెందుకు?"

ఆ రోజే ఉత్తరం రాశాను. ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టిన మాట నిజమని, తప్పు నాదని, షాపతను అమాయకుడని, బండి మాత్రం నాది కాదని. ముప్ఫై నాలుగేళ్ళలో నేను రాసిన ఉత్తరాల్లో సూటిగా విషయం ఉన్నది అదొక్కటే.

వారంలో తిప్పి పంపారు. దాని మీద గెజిటెడ్ ఆఫీసరు అటెస్టేషన్ లేదట!

ఉత్తరం పట్టుకుని పాత ఆఫీసుకి వెళ్ళాను. ఒకప్పుడు నా కింద పనిచేసినతను ఇప్పుడు నా కుర్చీలో ఉన్నాడు. టీ తెప్పించాడు. ఉత్తరం ముందు పెట్టాను.

"ఒకసారి చదువు," అన్నాను.

"మీరు తెచ్చింది నేను చదవాలా సర్? ఎంత మాట!" అంటూ ముద్ర కొట్టి, ఆకుపచ్చ పెన్ను తీసి సంతకం పెట్టేశాడు. చదివితే బాగుండునని ఒక క్షణం అనుకున్నాను. చదవకపోతే బాగుండునని అంతకుముందు రెండు రోజులు అనుకున్నాను. అతను నాకు బిస్కెట్లు కూడా పెట్టాడు.

జులై ఆఖరు వచ్చింది, జవాబు రాలేదు. ద్వారక ఇంటాయన ఇంకో నాలుగు రోజులు ఆగి, కంటోన్మెంటు నుంచి వచ్చిన ఒక మిలిటరీ కుటుంబానికి ఫ్లాటు ఇచ్చేశాడు. ఆయన తప్పేమీ లేదు. మేం సామాను టెంపోలో వేసుకుని, తెలిసిన చిరునామా అదొక్కటే కాబట్టి, ఇందిరాపురం వెళ్ళిపోయాం. ఆవిడ ఆ రోజు చూసొచ్చిన ఫ్లాటుకే. వాచ్‌మన్ నన్ను చూసి, "వాపస్ ఆ గయే అంకుల్ జీ?" అన్నాడు, ఊరెళ్ళి తిరిగొచ్చినవాణ్ణి పలకరించినట్టు.

ఆగస్టు ఆఖర్లో సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. బండి అప్పు నా రికార్డు నుంచి తీసేశారట, కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నారట. నా ఒప్పుకోలు గురించి ఒక్క ముక్క లేదు. పోలీసులు రాలేదు, పెన్షన్ ఆగలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. నా ఉత్తరాన్ని భూమ్మీద నేనూ మా ఆవిడా తప్ప మూడోమనిషి చదవలేదని నా నమ్మకం. ఇంత నిజం రాసి ఇంత అనామకంగా మిగిలిపోవడం నాకు నామోషీగా కూడా అనిపించింది.

దీపావళి ముందు ఫోన్ వచ్చింది. సేవాకేంద్రం అమ్మాయి. ఈసారి వాళ్ళే చేశారు.

"రికార్డు సరిచూస్తున్నాం సర్. మీ చిరునామా..." అని ఇందిరాపురం చిరునామా చదివింది. అప్పు తీసేశారు గాని చిరునామా తియ్యడం మర్చిపోయారన్నమాట. "ఇది సరైనదేనా సర్?"

నేను చుట్టూ చూశాను. మా మంచం, మా బీరువా, గోడకి ఆనించి పెట్టిన దేవుడి పటాలు. అద్దె గోడ, మేకు కొట్టకూడదు.

"సరైనదే," అన్నాను.

"థాంక్యూ సర్! వెరిఫికేషన్ సక్సెస్‌ఫుల్! మా సేవతో మీరెంత తృప్తిగా ఉన్నారో ఒకటి నుంచి ఐదులో చెప్తారా?"

నేను సున్నా అన్నాను. సున్నా లేదు సర్ అంది. లేకపోతే పెట్టుకోమన్నాను. మీ బాధ అర్థమవుతోంది సర్ అంది.

వంటింట్లోంచి ఆవిడ అంతా వింటోంది. ద్వారక కిటికీకి కుట్టిన తెరే ఇక్కడ పడమర కిటికీకి కట్టింది. జానెడు పొడుగు ఎక్కువై, గట్టు మీద కుప్పగా పడుతుంది. కత్తిరించమంటే కత్తిరించదు.

"ఏమన్నారండీ?"

"వాళ్ళ రికార్డు సరిపోయిందట."

"అయితే ఇంకెందుకాలస్యం? ఆ ఎర్ర బండి కూడా కొనెయ్యండి. పూర్తిగా సరిపోతుంది."

ఇక్కడ ఆవిడ నవ్విందని రాస్తే నాకు బాగుంటుంది. చాలామందికి అలాగే చెప్పాను. నవ్వలేదు. గట్టు మీది తెరని ఎత్తి, ఒక మడత పెట్టి, పిన్నీసు గుచ్చింది.